ఒకే పంపుకు నాలుగు పేర్లు: ఒక ప్లాంటు అప్పగింత డైరీ

అక్టోబరు 6

కాంట్రాక్టర్ దగ్గర నుంచి ఈరోజు కాగితాలు దిగాయి. పద్నాలుగు అట్టపెట్టెలు, ఒక హార్డ్ డిస్కు. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే హైవే పక్కన మేం కడుతున్న మిర్చి ఓలియోరెజిన్ ప్లాంటు తాలూకు ఇంజనీరింగ్ సమాచారమంతా అందులోనే ఉంది. యంత్రాలు దిమ్మెల మీద కూర్చున్నాయి, పైపింగ్ చివరికొచ్చింది. ఫిబ్రవరిలో కొత్త మిర్చి యార్డుకు పోటెత్తేలోగా ప్లాంటు నడవాలి. యజమాని తరఫున ఈ డేటాను సరిచూసి చేతికి తీసుకోవడం నా పని. రేపు ఇదే పని నెత్తినేసుకునే ఇంకొకరికి పనికొస్తుందని, రాయదగ్గది జరిగిన రోజల్లా ఇక్కడ రాస్తాను.

ప్లాంటు గురించి రెండు ముక్కలు. ఎండుమిర్చిని పొడిచేసి, గుళికలుగా నొక్కి, హెక్సేన్ అనే ద్రావకంతో కడిగితే రంగూ కారమూ అందులోకి దిగుతాయి. ఆ హెక్సేన్‌ను ఆవిరిచేసి, చల్లార్చి వెనక్కి పట్టుకుంటే చిక్కటి ఎర్రటి సారం మిగులుతుంది. అదే ఓలియోరెజిన్. రంగు కావాలంటే బ్యాడిగి కాయ, కారం కావాలంటే తేజ. హెక్సేన్ 69 డిగ్రీలకు మరుగుతుంది. సున్నాకు ఇరవై డిగ్రీలు కిందున్నా దాని ఆవిరి నిప్పందుకుంటుంది. అలాంటి చోట కాగితం మీద ఒకటి, నేలమీద ఇంకొకటి ఉండకూడదు.

మొదటి పెట్టె విప్పగానే హెక్సేన్ ట్యాంకు పక్కనుండే పంపు కోసం చూశాను. పైపులూ పరికరాలూ మీటర్లూ ఎలా కలిశాయో చూపే పీ అండ్ ఐడీ డ్రాయింగులో అది పీ-101ఏ. దాని సాంకేతిక వివరాలుండే డేటాషీటులో పీ101/1. కరెంటు లోడు జాబితాలో ఎం-14. స్పేర్ల జాబితాలో ‘హెక్సేన్ పంపు నం. 1’. నాలుగు కాగితాలు, నాలుగు పేర్లు, పంపు ఒకటే. ఇవన్నీ ఒకటేనని కంప్యూటరుకు ఎవరు చెప్పాలి?

అక్టోబరు 8

ఈ పని మీద నాకింత పట్టుదల ఎందుకో రాసిపెట్టుకోవాలి.

ఇంతకుముందు పనిచేసిన ఒక ప్లాంటులో రాత్రి షిఫ్టులో సాల్వెంట్ (ద్రావకం) పంపు మెకానికల్ సీలు, అంటే తిరిగే షాఫ్టు పక్కనుంచి ద్రవం బయటికి రాకుండా ఆపేది, కారడం మొదలైంది. పంపు ఆపాం. స్టోర్స్‌లో సీలు ఉంది. డేటాషీటు ప్రకారం తెచ్చి బిగించబోతే షాఫ్టుకు పట్టలేదు. డేటాషీటు కొటేషన్ దశలోది. ఆర్డరు తర్వాత తయారీదారు పెద్ద సైజు పంపు పంపాడు, కాగితం మాత్రం మారలేదు. సరైన సీలు వచ్చేసరికి రెండో రోజు సాయంత్రమైంది. ఆ రెండు రోజులూ ఫిట్టరన్న మొహం చూడలేకపోయాను. తప్పు ఆయనది కానే కాదు, అయినా అందరూ ఆయన్నే అడిగారు. ఆ ప్లాంటు అప్పగింత కాగితాల మీద ‘సరిచూడబడినది’ అని సంతకం ఉంది. ఏం చూశారో, దేంతో పోల్చి చూశారో దాన్లో లేదు.

అక్టోబరు 11

చక్రాన్ని మళ్లీ కనిపెట్టే ఓపికా లేదు, టైమూ లేదు. ఈ బాధ చమురు, గ్యాసు కంపెనీలు ఏనాడో పడ్డాయి. ప్లాంటు కట్టినవాళ్లు ఇచ్చే సమాచారానికి ఉమ్మడి భాష ఉండాలని 2012లో నెదర్లాండ్స్‌లో షెల్, యూఎస్‌పీఐ అనే పారిశ్రామిక సంఘం కలిసి ఒక పని మొదలుపెట్టాయి. అదే సీఎఫ్ఐహెచ్ఓఎస్. 2020 నుంచి అంతర్జాతీయ చమురు, గ్యాసు ఉత్పత్తిదారుల సంఘం ఐఓజీపీ దాన్ని నడుపుతోంది. దాని వెనకాల ఐఎస్ఓ 15926 అనే పాత, లోతైన ప్రమాణం ఉంది. పంపు అంటే ఏమిటి, దానికి ఏయే లక్షణాలు రాయాలి, ఏ యూనిట్లో రాయాలి, దానితో ఏ పత్రాలు రావాలి అన్నది జాబితాలుగా ఇస్తారు.

వీటన్నిట్లో నా కళ్లు తెరిపించింది ఒక విభజన. ట్యాగు వేరు, పరికరం వేరు. ట్యాగు అంటే ప్లాంటులో ఒక స్థానం, దాని పని. ‘ట్యాంకు నుంచి ఎక్స్‌ట్రాక్టరుకు (మిర్చిని కడిగే యంత్రానికి) హెక్సేన్ పంపేది’ అన్నది పీ-101ఏ. ఆ స్థానంలో ఇవాళ కూర్చున్న యంత్రం వేరే సంగతి. దానికో సీరియల్ నంబరు, మోడలు, తయారీ సంవత్సరం ఉంటాయి. అది చెడితే ఇంకొకటి వస్తుంది, ట్యాగు మాత్రం అక్కడే ఉంటుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌కు ఇది చెప్పాను. ఆయన్ని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. రెండు ముద్దలు తిని, “అంతేగా అబ్బాయ్! పొద్దున్నే బెజవాడ పోయే మొదటి సర్వీసు ఉంటది. బస్సు డిపోలో పడితే ఇంకో బస్సు వస్తది. సర్వీసు అదే, బస్సు వేరు. నువ్వు టైర్లెప్పుడు మార్చారో రాసుకోవాల్సింది బస్సు మీద, టైముకొచ్చిందా లేదా అన్నది సర్వీసు మీద” అన్నాడు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. ఇకనుంచి ట్రైనింగులో ఇదే వాడతాను.

అక్టోబరు 15

సీఎఫ్ఐహెచ్ఓఎస్ జాబితాలు పెద్ద పెద్ద చమురు, గ్యాసు ప్లాంట్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మొత్తం మోసుకుంటే మునుగుతాం. కావలసినంతే కోసుకోవాలి. మా ప్లాంటులో ఉన్న రకాలు లెక్కేస్తే నలభై మూడు తేలాయి: పంపులు, ఉష్ణ మార్పిడి పరికరాలు, పాత్రలు, కంట్రోలు వాల్వులు, సేఫ్టీ వాల్వులు, కొలతను కంట్రోల్ ప్యానెల్‌కు పంపే ట్రాన్స్‌మిటర్లు, మోటార్లు, ఇలా.

ఒక్కో రకానికి ఏ లక్షణాలు ఉంచాలో ఆఫీసులో కూర్చుని తేల్చలేదు. ఫిట్టర్లు, ఆపరేటర్లు, స్టోర్ కీపరు, అందర్నీ ఒకటే అడిగాను: రాత్రి రెండింటికి ఇది ఆగిపోతే నీకేం తెలియాలి? పంపుకు వాళ్లు చెప్పినవి: సీలు రకం, సీలు దగ్గర షాఫ్టు వ్యాసం, ఇంపెల్లరు వ్యాసం, బేరింగుల నంబర్లు, కప్లింగు సైజు, మోటారు ఫ్రేము. కాంట్రాక్టర్ ఇచ్చిన డేటాషీటులో అరవై గళ్లున్నాయి. ఈ ఆరింటిలో అందులో ఉన్నవి రెండే. మిగతా నాలుగూ తయారీదారు పుస్తకంలో ఎక్కడో నూటయాభయ్యో పేజీలో ఉన్నాయి.

పేర్ల విషయం. పరికరాలకు పేర్లు పెట్టడానికి జర్మనీలో విద్యుత్ కేంద్రాల కోసం పుట్టిన కేకేఎస్ పద్ధతి పెడదామని ఒక సలహా వచ్చింది. మంచి పద్ధతే. కానీ మా డ్రాయింగులు, కేబుల్ పట్టీలు, కంట్రోల్ ప్యానెల్ అన్నీ మీటర్లకు పేర్లు పెట్టే ఐఎస్ఏ 5.1 అనే ప్రమాణం అక్షరాలతో ఇప్పటికే తయారయ్యాయి. కట్టేశాక పేరు మార్చడం పెళ్లయ్యాక ముహూర్తం చూడడమే. ఉన్నదే ఉంచాం. అందులో మొదటి అక్షరం కొలిచేది చెబుతుంది, తర్వాతివి ఏం చేస్తుందో చెబుతాయి. అందుకే టీటీలో మొదటి టీ టెంపరేచరు, రెండోది ట్రాన్స్‌మిటర్. కొత్తగా చేరిన కుర్రాళ్లకు ముందు ఇది నేర్పాలి.

అక్టోబరు 22

ఈరోజు దొరికింది పెద్దది.

సారంలో మిగిలిన ఆఖరి హెక్సేన్‌ను తీసే పాత్ర వాక్యూమ్‌లో నడుస్తుంది. ప్రాసెస్ డేటాషీటులో ‘ఒత్తిడి: 650 మి.మీ. పాదరసం’ అని ఉంది. ట్రాన్స్‌మిటర్ తయారీదారు కాగితంలో ‘రేంజి: 0–760 మి.మీ. పాదరసం’. రెండూ కలిపి చదివితే సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ప్రాసెస్ ఇంజనీరు రాసింది వాక్యూమ్ గేజి అంకె, అంటే వాతావరణ ఒత్తిడి కన్నా 650 తక్కువ. ట్రాన్స్‌మిటర్ చూపించేది అబ్సొల్యూట్, అంటే పూర్తి శూన్యం నుంచి లెక్క. 650 వాక్యూమ్ అంటే అబ్సొల్యూట్‌లో సుమారు 110.

ఇది పట్టుకోకుండా అలారాలు పెట్టి ఉంటే? తెర మీద 650 కనిపించగానే ఆపరేటరు అంతా బాగుందనుకుంటాడు. నిజానికి అప్పుడు పాత్రలో వాక్యూమ్ దాదాపు లేనట్టే. హెక్సేన్ సారంలోనే ఉండిపోతుంది. అమెరికా ఆహార నియమాల ప్రకారం మసాలా ఓలియోరెజిన్లలో మిగిలే హెక్సేన్ 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) దాటకూడదు. సరుకు తిరిగొచ్చాక కారణం వెతుక్కుంటూ పోతే ఎక్కడ తేలుతుంది? ఒక గడిలో రాయకుండా వదిలేసిన ఒక్క మాటలో.

అందుకని ఇవాళే నియమం పెట్టాం. ఒత్తిడికి అంకె, యూనిట్, గేజా అబ్సొల్యూటా అన్న మూడూ మూడు వేరువేరు గళ్లు. మూడోది ఖాళీగా ఉంటే వరుస మొత్తం వెనక్కి. పనిలో పనిగా కేజీ, బార్ గొడవ కూడా తేల్చాం. పనిచోట అందరూ ‘పది కేజీల ఆవిరి’ అంటారు, విదేశీ కాగితాల్లో బార్ ఉంటుంది. కేజీ అంటే చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ, అది 0.98 బార్. తేడా రెండు శాతమే గానీ సేఫ్టీ వాల్వు దగ్గర రెండు శాతాన్నీ తేలిగ్గా తీసుకోలేం. ప్రతి ట్యాగు వివరాలూ ఎక్కించే మా రిజిస్టరులో బార్, బోర్డు మీద రెండూ.

అక్టోబరు 29

వాయుగుండం. మూడు రోజులుగా వాన. సైటులో మోకాలి లోతు నీళ్లు. ఇంట్లో కూర్చుని వాల్వుల జాబితా చూశాను.

నవంబరు 7

నాలుగు రోజులు ప్లాంటంతా కాలినడకన తిరిగాం. బాబాయ్, ఒక ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్, నేను. చేతిలో ట్యాబు, మెడలో డ్రాయింగులు. రిజిస్టరులో ఉన్న 1,286 ట్యాగుల్లో ప్రతిదాని ముందూ నిలబడాలన్నది పందెం.

మొదటి రోజే నేమ్‌ప్లేట్ల దగ్గర ఆగిపోయాం. పెయింటరు మోటారుతో పాటు ప్లేటు మీద కూడా నీలిరంగు వేసేశాడు. ప్రమాదకర ప్రాంతంలో పెట్టిన మోటారుకు ప్లేటే జాతకం. ఫ్లేమ్‌ప్రూఫా (లోపలి మంట బయటి ఆవిరికి అంటుకోకుండా ఆపేదా) కాదా, ఏ గ్యాసు గ్రూపు, ఏ టెంపరేచరు క్లాసు, సర్టిఫికెట్ నంబరెంత, అన్నీ దాని మీదే. హెక్సేన్ ఉన్నచోట గ్రూపు ‘టూ ఏ’, క్లాసు టీ3 అయినా ఉండాలి. టీ3 అంటే మోటారు ఒంటి మీద వేడి 200 డిగ్రీలు దాటదు. హెక్సేన్ తనంతట తాను అంటుకునేది సుమారు 225 దగ్గర. పేలుడు పదార్థాల, పెట్రోలియం భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో తనిఖీకి వచ్చినప్పుడు కాగితం మీది నంబరూ ప్లేటు మీది నంబరూ ఒకటిగా ఉండాల్సిందే.

థిన్నరు గుడ్డతో ఇరవై ఆరు ప్లేట్లు తుడిచాం. పెయింటరు కుర్రాడు, మాచర్ల వైపు వాడు, పక్కనే నిలబడి చూశాడు. “దీని మీద ఏముంటది సార్?” అని అడిగితే కూర్చోబెట్టి చెప్పాను. మర్నాటి నుంచి ప్రతి ప్లేటు మీదా గ్రీజు రాసి, రంగేశాక తుడిచేస్తున్నాడు. ఎవరూ చెప్పకుండా తానే కనిపెట్టిన ఉపాయం. ఇన్నాళ్లూ ఆ కుర్రాడికి ప్లేటు ఎందుకుందో ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం.

ఆవిరి లైను మీద ప్రవాహాన్ని కొలిచే ఎఫ్‌టీ-204 అనే వోర్టెక్స్ మీటరు డ్రాయింగులో వంపు తర్వాత ఉంది, నేలమీద వంపుకు ముందుంది. అలాంటి మీటరుకు ముందు తిన్నటి పైపు ఉంటేనే కొలత సరిగ్గా వస్తుంది. సైటు ఇంజనీరు తెలిసే జరిపాడు, చెప్పడం మరిచాడు. ఇక్కడ నేలదే ఒప్పు. డ్రాయింగు మీద ఎర్రసిరాతో దిద్ది, కట్టింది కట్టినట్టు చూపే యాజ్-బిల్ట్ డ్రాయింగు కోసం పంపాం. డ్రాయింగులో ఉండి ప్లాంటులో లేనివి మూడు వాల్వులు, ప్లాంటులో ఉండి డ్రాయింగులో లేనివి ఐదు. ఆ ఐదింట్లో ఒకటి హెక్సేన్ ట్యాంకు డ్రెయిను. దానికి ట్యాగు లేదు, తాళం లేదు. సాయంత్రానికి రెండూ పెట్టించాకే ఇంటికొచ్చాను.

నవంబరు 14

విజయవాడ. కాంట్రాక్టర్ ఆఫీసులో డాక్యుమెంట్లు చూసే అమ్మాయితో పొద్దుటి నుంచి కూర్చున్నాను. నా పట్టిక ముందుపెట్టి, “ఈ గళ్లు నింపి ఇవ్వాలమ్మా” అన్నాను. ఆమె ఏమాత్రం తడబడలేదు. “ఇస్తాను సార్. కానీ పంపులవాళ్లను మేం అడిగింది పీడీఎఫ్‌లే. సీలు సైజు, బేరింగు నంబరు పట్టికలో ఇవ్వాలని కొనుగోలు ఆర్డరులో ఎక్కడా లేదు. వాళ్ల బిల్లు ఆగస్టులోనే క్లియరయింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తరు కూడా” అంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఏం కావాలో మేమే చెప్పలేదు. డేటా అడగాల్సిన రోజు యంత్రం కొన్న రోజు, బిల్లు ఇంకా చేతిలో ఉన్న రోజు. ప్లాంటు చివర్లో అడిగేది బతిమాలుకోవడమే. తర్వాతి ప్రాజెక్టులో ప్రతి కొనుగోలు ఆర్డరుకూ ఈ పట్టికను జతచేయాలని ఆమె ముందే నోటు రాసుకున్నాను.

అక్కడి నుంచి ఆటోనగర్. మా మిర్చి హాపర్లు, స్టెయిన్‌లెస్ పాత్రలు కొన్ని అక్కడి ఒక వర్క్‌షాపులో చేయించాం. కాగితాల్లేవంటాడని సిద్ధపడే వెళ్లాను. మేస్త్రి గారు రేకు బీరువాలోంచి నూనె మరకల లాంగ్ నోటుబుక్ తీశారు. ప్రతి పాత్రకు ఒక పేజీ. ఏ ప్లేటు ఏ హీట్ నంబరుది (మిల్లులో స్టీలు కరిగించిన బ్యాచి నంబరు), కోసిన ముక్క మీదికి ఆ నంబరు మళ్లీ గుద్దారా లేదా, ఏ అతుకు ఎవరు వెల్డింగు చేశారు, ఏ తేదీన నీటి ఒత్తిడి పరీక్ష జరిగింది, అన్నీ వరుసగా. మిల్లు సర్టిఫికెట్లు అదే పేజీకి పిన్ను కొట్టి ఉన్నాయి. “ముక్క కోశాక నంబరు పోతే అది ఏ స్టీలో దేవుడు కూడా చెప్పలేడండీ” అన్నారు. పద్నాలుగు అట్టపెట్టెల కన్నా ఆ ఒక్క నోటుబుక్కులోని డేటాయే మేలు. దాన్ని పేజీపేజీ ఫోటో తీసుకుని, రిజిస్టరులోకి ఎక్కించింది ఎక్కించినట్టు మళ్లీ ఆయనకు చూపించి ఒప్పు అనిపించుకున్నాను.

నవంబరు 20

పెద్దాయనతో మీటింగు. ఆయన ముప్పై ఏళ్లు మిర్చి వ్యాపారం చేసి ఈ ప్లాంటు పెడుతున్నారు. “నెలన్నర నుంచి నువ్వూ ఇంకో ముగ్గురూ కాగితాలే చూస్తున్నారయ్యా. దీనివల్ల నాకొచ్చేదేంది?” అని సూటిగా అడిగారు.

అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఇచ్చిన నివేదిక చెప్పాను. ఇలా సమాచారం ఒకచోటి నుంచి ఇంకోచోటికి సరిగ్గా చేరకపోవడం వల్ల అక్కడి నిర్మాణ, పారిశ్రామిక వసతుల రంగానికి ఏటా 1,580 కోట్ల డాలర్లు పోతున్నాయని, అందులో మూడింట రెండొంతులు భరించేది యజమానులేనని వాళ్ల లెక్క. ఆయన విన్నారు గానీ మొహంలో మార్పు లేదు. అప్పుడు అడిగాను: “యార్డులో చీటీ పోయిన టిక్కీలు, ఆ మిర్చి బస్తాలు, మీరు కొంటారాండీ?”

“చీటీ పోతే సాయంత్రానికి పంచాయితీ వస్తది. ఏ రైతుదో, తేజాయో మూడు ముప్పై నాలుగు రకమో, తూకమెంతో ఎవడు చెప్పాలి?” అన్నారు. ఆగి, “మన ప్లాంటులో చీటీ లేనివి ఎన్నున్నయ్?” అన్నారు.

అక్కడి నుంచి సంభాషణ మారిపోయింది. కాంట్రాక్టులో అడిగిన సమాచారం అందేదాకా ఆపిన సొమ్ము విడుదల చేయరు. అడగనిదాన్ని మాత్రం ఊరికే చేయమనరు, ఆ అమ్మాయి టీముకు రెండు నెలల పనికి విడిగా చెల్లిస్తారు. న్యాయంగా ఉంది.

డిసెంబరు 3

ఖాళీ గళ్లు నాలుగు వేల చిల్లర. వీటిని ఒక్కోటీ చూస్తుంటే ఒక సంగతి అర్థమైంది. ఖాళీ అంటే ఒక్కటే అర్థం కాదు. రావలసింది ఇంకా రాకపోవడం ఒకటి. దీనికి ఆ లక్షణమే ఉండకపోవడం ఇంకొకటి, చేత్తో తిప్పే వాల్వుకు కరెంటు వోల్టేజీ ఉండదు కదా. వెతికాం, తయారీదారూ ఇవ్వలేడని తేలింది, ఇది మూడోది. కొందరు వీటన్నిటికీ ఎన్.ఏ. అని రాశారు. వాళ్లలో సగంమంది దాన్ని ‘వర్తించదు’ అన్న అర్థంలో రాశారు, సగంమంది ‘అందుబాటులో లేదు’ అన్న అర్థంలో. ఇంకొందరు సున్నా పెట్టారు. సేఫ్టీ వాల్వు తెరుచుకునే ఒత్తిడి గడిలో సున్నా చూసి గుండె ఆగినంత పనైంది.

ఎన్.ఏ., గీత, సున్నా మూడింటినీ నిషేధించాం. ‘రావాలి’, ‘వర్తించదు’, ‘దొరకదు’ అన్న మూడు మాటలే, తెలుగులోనే. వాటిని విడదీశాక ఖాళీల్లో నాలుగింట మూడొంతులకు పైగా వర్తించనివే అని తేలింది. రావాల్సినవి ఎనిమిది వందల లోపు. అంత భయపెట్టిన అంకె రెండు రోజుల్లోనే మా చేతనయ్యే పనిగా మారింది. ‘దొరకదు’ అన్న నలభై వాటికి షట్‌డౌన్‌లో విప్పి కొలవాలని పని ఆర్డర్లు ముందే తయారుచేశాం.

డిసెంబరు 17

రిజిస్టరు మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేరులోకి ఎక్కింది. పరీక్ష ఆఫీసువాళ్లతో పెట్టలేదు. రాత్రి షిఫ్టు ఫిట్టరన్న చేతికి ట్యాబు ఇచ్చి, “హెక్సేన్ పంపు సీలు వివరాలు తీయన్నా” అన్నాను.

ఆయన ‘హెక్సేన్ పంపు’ అని తెలుగులో కొట్టాడు. ఏమీ రాలేదు. ‘ఒకటో పంపు’ అన్నాడు. రాలేదు. ట్యాబు నా చేతిలో పెట్టి పంపు దగ్గరికి నడిచివెళ్లి, ప్లేటు చూసి వచ్చి పీ-101ఏ కొట్టాడు. అప్పుడొచ్చింది. పదకొండు నిమిషాలు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. మొదటి రోజు నాలుగు పేర్లు చూసి మూడింటిని తీసేయాలనుకున్నాను, తీసేశాను కూడా. అక్కడే తప్పటడుగు వేశాను. ఆ పేర్లు మనుషుల నోట్లో ఉన్నాయి, పోవు, పోనక్కర్లేదు. అన్నీ ఒకే ట్యాగుకు ముడిపడి ఉంటే చాలు. పొద్దున్నే ‘వాడుక పేర్లు’ అని ఒక గడి చేర్చాం. బాబాయ్, ఫిట్టర్లు, ఆపరేటర్లు కూర్చుని మూడు రోజుల్లో మూడు వందల పరికరాలకు తమ పేర్లు చెప్పారు. చల్లార్చే కండెన్సర్లలో ఒకదాన్ని అంతా ‘పెద్ద గంగాళం’ అంటారట. అదీ ఎక్కించాం.

మళ్లీ పరీక్ష. నలభై సెకన్లు.

జనవరి 9

నీటితో ట్రయల్ నడుస్తోంది. ‘రావాలి’ గళ్లు ఇంకా ముప్పై ఏడు. అందులో పద్నాలుగు ఒకే ట్రాన్స్‌మిటర్ తయారీదారువి, సంక్రాంతి తర్వాత ఇస్తామన్నారు.

నిన్న రాత్రి పీ-101ఏ మోటారు బేరింగు గోల పెట్టిందట. బాబాయ్ ఆపించి, స్టోర్స్‌లోని స్పేర్ మోటారు దించి బిగించాడు. పొద్దున నేను వెళ్లేసరికి పంపు నడుస్తోంది. ట్యాబు తెరిచాను. పీ-101ఏ కింద పాత మోటారు సీరియల్ నంబరు ముందు ‘తీసేశాం, బేరింగు’ అని ఉంది. కొత్త మోటారు సీరియల్ నంబరు, ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ నంబరు, టీ3, ప్లేటు ఫోటో, టైము 3.20. ఫోటోలో ప్లేటు మూల ఇంకా కొంచెం గ్రీజు ఉంది.

ఆ రికార్డు కింద బాబాయ్ రాసిన నోటు: ‘సర్వీసు అదే, బస్సు మారింది.’

పాత మోటారు రిపేరుకు ఆటోనగర్ పంపుతున్నాం. దాని రికార్డును మూసేయకుండా ‘రిపేరులో’ అని మార్చే దారి సాఫ్ట్‌వేరులో ఇంకా లేదు. సోమవారం అది పెట్టించాలి.